కట్టేసిన మేస్త్రీ

ఒకటి పాడైతే ఇంకొకటి ఆదుకుంటుందని దేవుడు మనిషికి రెండు కిడ్నీలిచ్చాడంటారు. ఆ మాట అన్నవాడెవడో ఉద్దానం వచ్చి ఉండడు. మా దగ్గర రెండూ కూడబలుక్కుని ఒకేసారి పోతాయి.

మా బావ అలాగే పోయాడు. చూస్తుండగానే కాళ్ళు నీరుపట్టాయి, ముఖం ఉబ్బింది. వారం వారం డయాలసిస్‌కి తిరిగి తిరిగి, ఒక మధ్యాహ్నం బస్సులో కిటికీకి తల ఆనించుకుని కన్నుమూశాడు. పక్క సీట్లో ఉన్న మా అప్ప దమయంతి, మా వైపు అక్కని అప్ప అంటాం, ఆయన నిద్రపోతున్నాడనుకుని రెండు స్టేజీల దూరం కదపలేదట. ఆ తర్వాత కొన్నాళ్ళకే అప్పకీ పాయింట్లు పెరుగుతున్నాయని తేలింది. క్రియాటినిన్ అనే మాట మా నీలాపుట్టుగలో ఎవరి నోటా రాదు. పాయింట్లంటారు. "ఎన్నున్నాయి?" అని అడిగితే చాలు, ఏమిటని ఎవరూ తిరిగి అడగరు.

నా పేరు ఢిల్లేశ్వరి. శ్రీకాకుళం జిల్లాలో రాయి విసిరితే ఒక ఢిల్లేశ్వరికో ఢిల్లేశ్వరరావుకో తగులుతుంది గానీ, విశాఖలో నేను పనిచేసే పరిశోధనశాలలో మాత్రం నేనొక్కదాన్నే. అందుకని అందరికీ 'ఢిల్లీ'ని. మా డైరెక్టరు ప్రొఫెసర్ ముకుందం గారు మంచి రోజుల్లో "ఢిల్లీ ఏమంటోంది?" అని నవ్వేవారు. చెడ్డ రోజుల్లో ఢిల్లీ ఏమన్నా ఆయనకి వినపడేది కాదు.

మేం పట్టుకున్నది ఒక ప్రోటీన్‌ని. దాని అసలు పేరు అంకెలూ అక్షరాలూ కలిసి నోరు తిరగకుండా ఉంటుంది. మేం దాన్ని మేస్త్రీ అనేవాళ్ళం. ఒంట్లో ఎక్కడ గాయమైనా అది కణం నడిబొడ్డులోకి దూరి, నిద్రపోతున్న కొన్ని జన్యువుల్ని తట్టి లేపి, 'గోడ కట్టండి' అని పురమాయిస్తుంది. గోడంటే మచ్చ. చర్మం తెగినప్పుడు ఆ గోడ లేవకపోతే మనిషి దక్కడు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో గొంతు తడుపుకోకుండా పనిచేసేవాళ్ళ కిడ్నీలకి రోజూ తగిలే సన్నటి దెబ్బలకి కూడా ఈ మహానుభావుడు అదే పని చేస్తాడు. నీళ్ళు వడపోయాల్సిన చోటల్లా ప్లాస్టరింగు చేసి పారేస్తాడు. పనైపోయింది, దిగవయ్యా అంటే దిగడు.

ఆ మేస్త్రీని కణం గుమ్మంలోనే కట్టేసే మందు మాకు దొరికిన రోజు నాకు బాగా గుర్తు. జబ్బు తెప్పించిన ఎలుకల కిడ్నీ ముక్కలకి రంగు వేసి చూస్తున్నాను. మచ్చ ఉన్నచోట నీలం పడుతుంది. మందు పడని ఎలుకల పలకలన్నీ నీలం. మందు తిన్నవాటిలో వెతికి చూసినా నీలం లేదు. మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవకుండానే అప్పకి ఫోన్ చేశాను.

"అప్పా, దొరికినాదే!"

"ఏటి దొరికినాది? పోయిన గొలుసేటి?"

"గొలుసు కాదే, మందు. కిడ్నీల మందు."

"సరే, బేగి తెచ్చీ. నాకు రెండు దాటిపోనాయి" అంది.

బేగి తేవడం మాటలు కాదు. ఆరోగ్యవంతుల మీద పరీక్ష అయ్యేసరికే చాలా కాలం పట్టింది. మందుకి 'నిలుపు' అని పేరు పెట్టాం, రోజుకొక బిళ్ళ. ఆ పరీక్షకి వచ్చినవాళ్ళంతా నగరంలో కుర్రాళ్ళు. కలమూ సెల్‌ఫోనూ తప్ప మరోటి పట్టని చేతులు. ఎలుకలకా, జీడిపిక్కలు వలిచే పని లేదు. అంతా సజావుగా ఉందని రాసుకున్నాం.

రోగుల మీద పరీక్షకి మా ఊరినీ చుట్టుపక్కల ఊళ్ళనీ ఎంచుకున్నారు. నేనే పట్టుబట్టి ఎంపిక చేయించాను. మా వైపు ఆడవాళ్ళలో ఎక్కువమంది జీడిబట్టీల్లో పిక్కలు కొడతారు. కాల్చిన పిక్కని రాతి మీద పెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ. పెంకు పగలాలి, లోపలి పప్పు చెక్కుచెదరకూడదు. గుండు పప్పుకున్న విలువ బద్దకి లేదు. పెంకులోంచి కారే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసి, బూడిద అద్దుకుని కొడుతూ ఉంటే కొన్నేళ్ళకి ఆ వేళ్ళు నల్లబడి మొద్దుబారతాయి. ఆ మొద్దు చర్మమే వాళ్ళ పనిముట్టు. తొడుగులు వేసుకుంటే పిక్క జారుతుంది.

ఒప్పందం కాగితాన్ని బట్టీ ముంగిట కూర్చుని మా మాటల్లో నేనే చదివి వినిపించాను. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చనీ, ఇచ్చిన నెత్తురు వెనక్కి అడిగితే ఇచ్చేస్తామనీ అందులో ఉంది. అందరిలోకీ పెద్దది తవిటమ్మ పకపకా నవ్వింది.

"ఇచ్చిన నెత్తురు తిరిగిస్తారేటే గుంటా? మా అల్లుడు తీసుకున్న సేబదులే తిరిగియ్యడు!"

"అడిగితే ఇచ్చేత్తాం తవిటమ్మా. నాది పూచీ" అన్నాను నేను కూడా నవ్వుతూ.

నిలుపు పనిచేసింది. పాయింట్లు పెరగడమే గానీ ఆగడం ఎరగని ఊళ్ళో ఆగాయి. కొందరికి దిగాయి. అప్పకి నాలుగున్నర దగ్గర నిలబడి, మెల్లగా నాలుగుకి వచ్చింది. రాత్రి పడుకుంటే ఆయాసం రావడం లేదంది. దొడ్లో బీరపాదు పెట్టింది. పాదు పెట్టడమంటే కాయ కాసేదాకా ఉంటాననుకోవడమే కదా.

ఆషాఢంలో వైద్య శిబిరానికి మా డాక్టర్ రెహానాతో కలిసి వెళ్ళాను. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరి చేతులూ ఎర్రగా పండి ఉన్నాయి. నా చేతులూ అంతే. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే ఊరుకునే ఊరు కాదు మాది. అరచేతులు, పాదాలు చూసి ఫొటో తీయడం రెహానా పనుల్లో ఒకటి. ఒక్కొక్క చెయ్యీ చూసి, "అబ్బ, ఎంత బాగా పండిందో!" అని మురిసిపోయింది. తనకీ గోరింటాకంటే ప్రాణం. తవిటమ్మ అయితే "ఇది మీ బిళ్ళ మహిమే డాక్టరమ్మా. ఇదివరకు ఈ నల్లసేతులకి పండేదేటి!" అంది. అందరం నవ్వాం.

ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. మొద్దుబారిన చర్మం మీద గోరింటాకు ఏళ్ళ తరబడి పండలేదంటే, ఇప్పుడు పండుతోందంటే, ఆ మొద్దు చర్మం ఏమైనట్టు? మరో దేశం డాక్టరైతే ఈ ఎరుపేమిటని కడిగి చూసేవాడేమో. తెలుగు నేల మీద పుట్టిన మా ఇద్దరికీ ఆషాఢంలో ఎర్రటి చెయ్యి కనిపిస్తే మెచ్చుకోవడమే తెలుసు. 'చర్మం బాగుంది' అని రాసి పెట్టి, పనసతొనలు తిని విశాఖ వచ్చేశాం.

శ్రావణం సగం గడిచాక ఒక ఆదివారం అప్పని చూడడానికి వెళ్ళాను. వంకాయ పులుసు వండింది. నాకు వడ్డించింది గానీ తను కూర్చోలేదు.

"నువ్వు తినవేటే?"

"నాను తినీసినాను."

అబద్ధం. కుండలో నాకు పెట్టినంత తప్ప అన్నం తరగలేదు. అప్పుడు చూశాను వేళ్ళని. కొసలన్నిటికీ గోరింటాకు ముద్ద టోపీల్లా పెట్టుకుని ఉంది.

"శ్రావణంలో గోరింటాకేటే?"

"సల్లగుంటాదని పెట్టుకున్నాను. నీకేటి?"

చెయ్యి లాక్కోబోయింది. నేను వదల్లేదు. చెంబులో నీళ్ళు పోసి ముద్ద కడిగేశాను. అప్ప పళ్ళు బిగించి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. వేళ్ళ కొసలకి చర్మం లేదు. పచ్చి మాంసం, అంచులు తెల్లగా, మధ్యలో తడి. ఎక్కడా పక్కు కట్టలేదు. కారం తగులుతుందని అన్నం కలుపుకోవడం మానేసింది. పక్కింటి కోడలు రోజుకొకసారి వచ్చి పెరుగన్నం ముద్దలు నోట్లో పెట్టి వెళుతోందట.

"ఎన్నాళ్ళనించే ఇలగ?"

"బిళ్ళ మొదలెట్టిన కాడ్నించి మెల్లిగా."

"అందరికీనా?"

"పిక్కలు కొట్టినోల్లందరికీ."

"నాకు సెప్పనేదేటే?"

"నీకు సెప్తే నువ్వు డాక్టరమ్మకి సెప్తావు. డాక్టరమ్మ పెద్దాయనకి సెప్తాది. ఆయన బిళ్ళ ఆపేత్తాడు. అదే గదా అవుద్ది?"

అదే అవుతుంది మరి.

"మీ బావ ఎలగ పోనాడో నువ్వూ సూసినావు, నానూ సూసినాను" అంది అప్ప. "నువ్వు సెలవు పెట్టొచ్చి సూసినావు. నాను పక్కన కూకుని సూసినాను. పుండ్లు నాను పడతాను. ఆ బస్సు మాత్రం నానెక్కను."

నేను ఏడ్చాను. అక్కడే, ఎంగిలి చేత్తోనే. మేం కట్టేసిన మేస్త్రీ కిడ్నీలో గోడ కట్టడం మానేశాడు సరే. వేలి మీద కట్టాల్సిన గోడ కూడా మానేశాడు. కణానికి కిడ్నీ ఏదో వేలు ఏదో మా బిళ్ళ చెప్పలేదు. ఎవరి వేళ్ళకి రోజూ గాయమవుతుందో ఆలోచించని తెలివి మాది.

ఆ వారంలోనే తవిటమ్మ చూపుడువేలు చీముపట్టింది. జ్వరం పైకి ఎగబాకి మాటలు తడబడ్డాయి. పట్నం ఆసుపత్రిలో వేలు తీసేశారు. చూడడానికి వెళ్ళిన రెహానా మంచం పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే తవిటమ్మే ఓదార్చింది.

"ఏడవకమ్మా. ఏలు పోతే తొమ్మిదున్నాయి. కిడ్నీలెన్నున్నాయి నాకు? బిళ్ళ మాత్రం ఆపకు."

విశాఖ వచ్చి ముకుందం గారికి అంతా చెప్పాను. ఫొటోలు చూపించాను, ఈసారి కడిగిన చేతులవి. ఆయన చాలాసేపు చూశారు. చెడ్డమనిషి కాదాయన. ఆయన ముఖం పాలిపోయింది. కానీ మర్నాటికి రంగు తిరిగొచ్చింది, దాంతోపాటు ఒక ఉపాయం కూడా. మందు తయారీకి డబ్బు పెడుతున్న కంపెనీవాళ్ళతో మాట్లాడి వచ్చారు.

"జీడి పనివాళ్ళని పరీక్షలోంచి తీసేద్దాం. వాళ్ళ చేతులకి తగిలే రసం వల్ల గాయాల లెక్క కలుషితమైందని రాద్దాం. మిగతావాళ్ళలో గాయాలు లేవు కదా. 'జీడి పనివారికి తగదు' అని మందు పెట్టె మీద ఒక వాక్యం."

"తీసేస్తే వాళ్ళ మందు?"

"ఆగిపోతుంది. తప్పదు. పచ్చి పుండ్లతో ఉన్న మనిషికి ఈ మందు ఇవ్వడం పాపం, ఢిల్లీ. తవిటమ్మ సంగతి చూశావుగా."

"ఆపేస్తే మా అప్ప సంక్రాంతి చూడదు సార్. అది పాపం కాదా?"

"పని మానేయమను. మానేస్తే ఉంచుదాం."

"మానేస్తే ఏం తింటారు? మన బిళ్ళా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "షుగరు వల్ల కిడ్నీలు పోతున్నవాళ్ళు దేశంలో లక్షలమంది. వాళ్ళకి ఈ మందు బతుకు. ఇప్పుడు గాయాల గొడవ పైకొస్తే కంపెనీ మొత్తం మూసేస్తుంది. ఆ లక్షలమంది సంగతి చిన్న విషయమా?"

చిన్న విషయం కాదు. అందుకే నాకు అంత కోపం వచ్చింది. ఆయన పూర్తిగా తప్పయితే తిట్టి బయటికి వచ్చేదాన్ని. సగం ఒప్పయిన మనిషిని ఏం చెయ్యాలి? ఎండలో చాకిరీ చేసేవాళ్ళ జబ్బుకి మందు కనిపెట్టి, చాకిరీ చేసేవాళ్ళకి తగదని పెట్టె మీద రాసి, చల్లటి గదుల్లో కూర్చునేవాళ్ళకి అమ్ముతాం. మా ఊరి నెత్తురు ఇచ్చిన ధైర్యంతో అమ్ముతాం. ఆ మాటే అన్నాను. ఆయన తలదించుకుని, "వాళ్ళకి నువ్వే చెప్పు. నీ మాట వింటారు" అన్నారు.

వెళ్ళి చెప్పాను. బట్టీ ముంగిట, కాగితం చదివిన చోటే. చేతులకి గుడ్డలు చుట్టుకుని కూర్చున్నారు అందరూ. 

"అంటే బిళ్ళ మంచిదని మా మీద తేల్సుకున్నారు" అంది అప్ప. "ఇప్పుడు మేమే పనికిరామంటన్నారు. పొయ్యి మాది, కుండ మాది, వంటయినాక బయటికి పొమ్మంటన్నారు."

"ఒలే ఢిల్లమ్మా," తవిటమ్మ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది. "ఆ రోజు పూచీ ఉన్నావు. ఇచ్చిన నెత్తురు అడిగితే తిరిగిత్తానన్నావు. అన్నావా నేదా?"

"అన్నాను."

"అయితే ఇచ్చీ."

నాకు నవ్వొచ్చింది. వాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వడం మానేశాక నాకు అర్థమైంది ఏమడుగుతున్నారో. మా పరీక్షలో మూడొంతుల మంది జీడి పనివాళ్ళే. మందు మొదలెట్టిన నాటి నుంచి నెలనెలా తీసిన నెత్తురు మా డీప్ ఫ్రీజరులో ఉంది. చివరి పరీక్షలన్నీ దాని మీదే జరగాలి. అది లేకపోతే నిలుపు పనిచేసిందని చెప్పడానికి మా నోటిమాట తప్ప ఏమీ మిగలదు. వాళ్ళని తీసేసినా వాళ్ళ నెత్తురు మాత్రం ఉంచుకుని కిడ్నీల అంకెలు వాడుకుందామని ముకుందం గారి ఆలోచన. దాన్ని ఈ ముసలిది చేత్తో పట్టుకుని ఆపింది.

"అది పోతే బిళ్ళే పోతాదే, అప్పా. నీకూ పోతాది" అన్నాను.

"నాకెలాగూ పోనాది. మాకు అందనిది ఇంకోలకి మా నెత్తురు మీద నడిసెల్లి అందకూడదు. అందాలంటే మాకూ అందాలి."

మంగళవారం ఆ ఆడవాళ్ళంతా విశాఖలో పాసింజరు బండి దిగారు. స్టేషను నుంచి ఆటోల్లో మా సంస్థకి వచ్చారు. చేపల బజారులో అడిగి తెచ్చుకున్న థర్మాకోల్ పెట్టె ఒకటి, నిండా ఐసు. పెట్టె చేపల వాసన కొడుతోంది. మెరిసే నేల మీద వాళ్ళు నడిచి వస్తుంటే పక్క గదుల్లోంచి అందరూ తలలు బయటికి పెట్టారు.

ఫ్రీజరు గది తాళం నా దగ్గరే ఉంటుంది. ముకుందం గారు పరుగున వచ్చారు.

"తలుపు తెరవకు, ఢిల్లీ. తెరిస్తే నీ ఉద్యోగం ఉండదు. నా ఉద్యోగమూ ఉండదు."

"నేను మాటిచ్చాను సార్. మీ సంతకం ఉన్న కాగితం చదివే ఇచ్చాను."

తెరిచాను. తెల్లటి పొగ కాళ్ళ మీదికి దిగింది. నేను ఒక్కొక్క పేరూ పిలిచాను, వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి చాపారు. చిటికెన వేలంత గొట్టాలు. తొడుగులు వేసుకోమన్నాను. గడ్డకట్టిన ప్లాస్టిక్కు పచ్చి మాంసానికి అంటుకుపోతుంది.

"తొడుగులు మాకు అలవాటు నేదు" అంది అప్ప.

ఆమె తన గొట్టాల్ని గుప్పిట్లోకి తీసుకుంది. అంటుకున్నాయి. ముఖం కొంచెం బిగిసింది, అంతే. తవిటమ్మ తన గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఇంతేనా? ఈ బొట్టు కోసమేనా ఇంత మేడ కట్టినారు!" అంది. రెహానా మొదట గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. తర్వాత వచ్చి నా పక్కన నిలబడి పేర్లు అందుకుంది.

గొట్టాలన్నీ ఐసులో పెట్టి, మూత వేసి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని అప్ప నడవాలో కింద కూర్చుంది. మిగతావాళ్ళు ఆమె చుట్టూ కూర్చున్నారు. బండికి వెళ్ళే తొందరేమీ కనబడలేదు వాళ్ళలో. అప్పుడు తెలిసింది నాకు, వీళ్ళు నెత్తురు పట్టుకుపోవడానికి రాలేదు.

"ఆ ఐసు ఎంతోసేపు ఆగదమ్మా" అన్నారు ముకుందం గారు. "కరిగితే అది దేనికీ పనికిరాదు. ముందు ఫ్రీజరులో పెట్టిద్దాం, తర్వాత మాట్లాడుకుందాం."

"ఐసు కరిగినంతసేపూ మాటాడు బాబూ. సాలదా?" అంది అప్ప.

పెట్టె మూల నుంచి ఒక నీటి చార నేల మీదికి వచ్చింది. నా ఎనిమిదేళ్ళ చదువూ, కంటిచూపూ, పెళ్ళి వాయిదాలూ అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. అప్ప ప్రాణమూ అందులోనే ఉంది. నేను వంగి, "అప్పా, కారతన్నాదే" అన్నాను.

"కారనీ."

ఆమె నా వైపు చూసిన చూపులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. నీ చోటెక్కడో చూసుకో అన్నట్టుంది. నేను తాళంచెవి ముకుందం గారి చేతిలో పెట్టి, వెళ్ళి అప్ప పక్కన నేల మీద కూర్చున్నాను. చల్లటి నీళ్ళు నా చీరకి తగిలాయి.

"మాకేటి కావాలో ఎవులూ అడగనేదు" అంది అప్ప ఆయనతో. "కిడ్నీ కావాలా, సేతులు కావాలా అంటన్నారు. నిన్నలా ఎవులైనా అడిగినారేటి బాబూ, కన్ను కావాలా కాలు కావాలా అని?"

అప్ప తన గుప్పిట తెరిచి చూపించింది. అన్నీ పెట్టెలో పెట్టినా ఒక గొట్టం ఇంకా వేలికి అంటుకునే ఉంది. "తీసుకో" అంది. ఆయన వంగి, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగారు. గొట్టంతోపాటు సన్నటి పొర ఊడి వచ్చింది. అప్ప చెయ్యి కదపలేదు. ఆయన గొట్టానికి అంటుకున్న ఆ పొరని చూశారు. ఫొటోల్లో చూడడం వేరు, తన చేత్తో ఊడదీయడం వేరు.

జేబులోంచి ఫోను తీశారు. కంపెనీకి.

"లేదండీ, ఎవరినీ తీసేయడం లేదు... అవును, జీడి పనివాళ్ళతో సహా. గాయాల సంగతి మొదటి పేజీలోనే రాస్తున్నాం. అందరూ రోజూ డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మందు తింటారు... మీరు ఒప్పుకోకపోవచ్చు." అటు నుంచి ఏదో గట్టిగా వినిపించింది. ఆయన మెడ ఎర్రబడింది. "అయితే డబ్బు ఆపేయండి! ఇంకో చోట అడుక్కుంటాను. ఈ నెత్తురు నా దగ్గరుంటే ఇచ్చేవాళ్ళకి కొదవలేదు. వీళ్ళు లేకుండా మాత్రం మీ దగ్గర ఖాళీ పెట్టె ఉంటుంది."

ఫోను పెట్టేసి ఆయాసపడ్డారు. అంత కోపంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. రెహానా గబగబా పెట్టె అందుకోబోయింది. ముకుందం గారు కూడా రెండు చేతులూ చాపారు.

"ఇయ్యమ్మా. విన్నావుగా. అందరికీ మందు ఉంటుంది. ఇప్పటికైనా లోపల పెట్టనీ."

అప్ప పెట్టెని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"తొందరేటి బాబూ, కూకో" అంది. "అది కిడ్నీల సంగతి. సేతుల సంగతి ఇంకా మొదలెట్టనేదు."

డైరెక్టరు గారు నేల మీది తడి వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత ప్యాంటు పైకి లాక్కుని, మా ఎదురుగా మఠం వేసుకు కూర్చున్నారు.